బర్మా యుద్ధంలో గాయపడ్డ తాతగారి సర్వీసు, ఆసుపత్రి వివరాలు ఎలా వెతకాలి

మీ ప్రశ్నకి రెండు లైన్లలో జవాబు చెప్తే అన్యాయం అవుతుంది, అందుకే పొడుగ్గా రాస్తున్నా. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదండి: మీ తాతగారు 1942 ప్రాంతంలో విశాఖపట్నం జిల్లా నుంచి మిలిటరీలో చేరారు, 1944లో బర్మా బోర్డర్లో కాలికి గాయమైంది, నెలల తరబడి ఆసుపత్రులు మారి 1946లో ఇంటికి వచ్చేశారు, పెన్షన్ లేదు, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో ఒక నక్షత్రం మెడల్, ఒక గ్రూప్ ఫోటో, రెండు ఉత్తరాలు మిగిలాయి. ఆయన ఫైలు ఎక్కడుంటుంది, ఏ ఆసుపత్రిలో ఏం వైద్యం చేశారో తెలుసుకునే దారి ఉందా అని అడిగారు.

దారి ఉంది. కాకపోతే మీరు అనుకుంటున్న దారి కాదు. ఆయన పేరు రాసున్న ఆసుపత్రి ఫైలు ఎక్కడో అలమారాలో ఉంటుంది, సరైన ఆఫీసుకి ఉత్తరం రాస్తే పంపిస్తారు అనుకుని మొదలుపెడితే మొదటి జవాబుకే నిరుత్సాహం వస్తుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి ఇండియన్ ఆర్మీలో దాదాపు 25 లక్షల మంది ఉన్నారు, అందులో మామూలు సిపాయిల వైద్య కాగితాలు విడివిడిగా దాచింది చాలా తక్కువ. కానీ యూనిట్ల రికార్డులు బాగానే మిగిలాయి. కాబట్టి మనిషిని వెతకడం ఆపి ముందు ఆయన యూనిట్‌ని వెతకండి. యూనిట్ తెలిస్తే ఆ నెలలో వాళ్ళు ఎక్కడున్నారో తెలుస్తుంది, ఆ చోటు తెలిస్తే గాయపడ్డవాళ్ళని ఏ దారిన ఎక్కడికి పంపారో తెలుస్తుంది, ఆ దారి తెలిస్తే మీ తాతగారు పడుకున్న ఆసుపత్రి ఏదో చాలావరకు దొరికినట్టే. నేను చాలా ఏళ్ళుగా మా పెద్దల గురించి, తెలిసినవాళ్ళ పెద్దల గురించి ఇలాగే వెతుకుతున్నా, పని జరిగేది ఈ వరసలోనే.

ముందు ఇంట్లో ఉన్నవాటి సంగతి. ఆ మెడల్ మీద ఏముందో మీరు రాయలేదు. ఆరు కోణాల నక్షత్రం అయితే మధ్యలో కిరీటం చుట్టూ ఇంగ్లీషులో దాని పేరు ఉంటుంది, మెత్తటి గుడ్డతో తుడిచి చూడండి, పాలిష్ మాత్రం పెట్టకండి. బర్మా స్టార్ అని ఉంటే మీ కథకి సరిపోయినట్టే, అది 1941 డిసెంబర్ 11 నుంచి 1945 సెప్టెంబర్ 2 మధ్య ఆ రంగంలో పనిచేసినవాళ్ళకి ఇచ్చింది, రిబ్బన్ ముదురు నీలం, మధ్యలో వెడల్పాటి ఎర్ర చార ఉంటుంది. 1939-45 స్టార్ అని ఉంటే ఏ యుద్ధరంగం అన్నది దాన్నిబట్టి చెప్పలేం. ఆఫ్రికా స్టార్ అని గనక ఉంటే కథ మొత్తం మారిపోతుంది, 1943 మే లోపే ఆయన ఉత్తర ఆఫ్రికా వైపు వెళ్ళొచ్చారన్నమాట. నక్షత్రం కాకుండా గుండ్రటి మెడల్స్ కూడా ఉంటే వాటినీ చూడండి, ఇండియా సర్వీస్ మెడల్ ఉంటే మూడేళ్ళ సర్వీసు పూర్తయిందని అర్థం. అలాగే మొదటి ప్రపంచ యుద్ధం మెడల్స్ ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే అంచు చుట్టూ భూతద్దంతో చూడండి, నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ అక్కడే చెక్కి ఉంటాయి.

ఫోటోలో మొహాలకంటే భుజాలు ముఖ్యం. స్కాన్ చేసి పెద్దది చేసి చూడండి, భుజం మీద డివిజన్ గుర్తు కనబడొచ్చు. నల్లపిల్లి ఉంటే 17వ ఇండియన్ డివిజన్, ఎర్రటి గుండ్రం అయితే 5వది, బంగారు బాణం 7వది, కోడిపుంజు 23వది, పిడికిట్లో కత్తి ఉంటే 20వది. మణిపూర్‌లోని ఇంఫాల్, బర్మా పడమటి తీరంలోని అరకాన్ పోరాటాల్లో ఉన్నవి ఎక్కువగా ఇవే. నలుపు తెలుపు ఫోటోలో రంగు తెలీదు కానీ ఆకారం తెలుస్తుంది, అది చాలు. ఫోటో వెనక స్టూడియో ముద్ర ఉంటే ఆ ఊరు కూడా ఒక ఆధారమే, ట్రైనింగ్ అయ్యాక అందరూ అక్కడే తీయించుకునేవాళ్ళు.

ఉత్తరాల్లో విషయం సెన్సార్ వల్ల ఏమీ ఉండదు, క్షేమం, డబ్బు అందిందా, పశువులు ఎలా ఉన్నాయి, అంతే. మీరు చూడాల్సింది కవరు. ఎఫ్.పి.ఓ అని ఒక నంబరుతో గుండ్రటి ముద్ర ఉంటుంది, అది ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు, ఆ పోస్టాఫీసు ఏ తేదీల్లో ఏ ఊళ్ళో ఉందో, ఏ దళాలకి పనిచేసిందో తపాలా సేకర్తలు జాబితాలు తయారుచేసి పెట్టారు. పంపినవాళ్ళ అడ్రసులో నంబరు, ర్యాంకు, పేరు, కంపెనీ వరసగా రాయాల్సిందే, కాబట్టి సర్వీసు నంబరు అక్కడ దొరికే ఛాన్స్ చాలా ఎక్కువ. ఆసుపత్రి నుంచి రాసిన ఉత్తరం అయితే యూనిట్ పేరు బదులు ఆసుపత్రి నంబరు, వార్డు నంబరు ఉంటాయి. ఐ.జి.హెచ్ అంటే ఇండియన్ జనరల్ హాస్పిటల్, ఐ.బి.జి.హెచ్ అంటే ఇండియన్ బ్రిటిష్ జనరల్ హాస్పిటల్, సి.ఎం.హెచ్ అంటే కంటోన్మెంట్ ఊళ్ళల్లో ఉండే కంబైండ్ మిలిటరీ హాస్పిటల్. ఈ అక్షరాలూ ఒక అంకె దొరికితే సగం పని అయిపోయినట్టే, ఆ రెండు కవర్లూ ఇవాళే బయటికి తీసి చూడండి.

ఇంకో చోటు జనాలు అసలు వెతకరు, అది తహసీల్దార్ ఆఫీసు. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళకి మాజీ సైనికుల కింద బంజరు భూమి పట్టా ఇచ్చిన ఊళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. అలా దరఖాస్తు పెట్టుకున్నప్పుడు డిశ్చార్జి సర్టిఫికెట్ నకలు జతచేసి ఉంటారు. మీ కుటుంబానికి అలాంటి పట్టా ఏదైనా ఉంటే ఆ ఫైలు అడగండి. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకి కూడా ఒకసారి వెళ్ళి రండి, పెన్షన్ లేని రెండో ప్రపంచ యుద్ధ సైనికులకీ వాళ్ళ భార్యలకీ నెలనెలా ఆర్థిక సాయం వచ్చేది, మీ నాయనమ్మగారు ఎప్పుడైనా దానికి అప్లై చేసుంటే సర్వీసు నంబరూ రెజిమెంటూ ఆ రిజిస్టర్లో ఉంటాయి. ఆవిడకి రాకపోయినా మీ ఊరి నుంచి ఆయనతో కలిసి చేరిన ఇంకొకాయన పేరు ఉండొచ్చు, ఊళ్ళో నలుగురైదుగురు కలిసి ఒకే రిక్రూటింగ్ పార్టీ దగ్గర చేరేవాళ్ళు కాబట్టి ఆయన యూనిట్ తెలిసినా మనకి పనికొస్తుంది.

ఇప్పుడు రికార్డ్ ఆఫీసుల సంగతి. సిపాయి రికార్డులు లండన్‌లో ఉంటాయని చాలామంది అనుకుంటారు, కాదు. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో వ్యక్తిగత ఫైళ్ళు ఉన్నది ప్రధానంగా ఆఫీసర్లవి. సిపాయి, నాయక్, హవల్దార్, ఫాలోవర్ అంటే వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, వీళ్ళందరి రికార్డులు ఆయా రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుల్లోనే, మన దేశంలోనే ఉంటాయి. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లో వెల్లింగ్టన్. వంతెనలు, రోడ్లు కట్టే మద్రాస్ శాపర్స్, అంటే ఇప్పటి మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌ది బెంగళూరు. మోత, తవ్వకం పనులు చేసే పయనీర్ కోర్ బెంగళూరు, ఆర్టిలరీ నాసిక్ రోడ్, సిగ్నల్స్ జబల్‌పూర్, వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ, సామాను సరఫరా చేసే ఆర్డినెన్స్ కోర్ సికింద్రాబాద్, ఆర్మీ మెడికల్ కోర్ లక్నో. మన తెలుగువాళ్ళు అప్పట్లో పదాతిదళంలో కంటే శాపర్లు, పయనీర్లు, లారీ డ్రైవర్లు, మెకానిక్కులు, ఆసుపత్రి సిబ్బందిగా ఎక్కువ చేరారు కాబట్టి మద్రాస్ రెజిమెంట్ ఒక్కదానికే రాసి ఊరుకోకండి. ఇంట్లో తుపాకి కథల కంటే వంతెనలు, రోడ్లు, మందుపాతరల కథలు ఎక్కువ వినబడితే నేనైతే ముందు బెంగళూరుకే రాస్తా.

ఒక పేరు దగ్గర జాగ్రత్త. తెలంగాణ వైపు కుటుంబాల్లో తాత హైదరాబాద్ రెజిమెంట్ అని చెప్తుంటారు. అప్పటి 19వ హైదరాబాద్ రెజిమెంట్ ఇండియన్ ఆర్మీది, అందులో ఉన్నది ఎక్కువగా ఉత్తరాది వాళ్ళు, 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్ అయింది, ఇప్పుడు దాని కేంద్రం రాణీఖేత్. నిజాం సొంత సైన్యం వేరు, స్టేట్ ఫోర్సెస్ అనేవాళ్ళు, వాళ్ళ దళం ఒకటి 1941 డిసెంబర్లో మలయాలోని కోటా భారు దగ్గర జపాన్ దాడిలో ఉంది. అలాంటి వాళ్ళకోసం తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో వెతకాలి, నిజాం కాలం నాటి కాగితాలు అక్కడ ఉన్నాయి, ఉర్దూ, పర్షియన్ చదివేవాళ్ళు తోడుండాలి.

రికార్డ్ ఆఫీసుకి ఏం అడగాలన్నది ముఖ్యం. ఆయన సర్వీసు రికార్డులన్నీ పంపండి అని రాస్తే, ధ్వంసం చేశాం అని ఒక్క లైన్ జవాబు వస్తుంది. అది అబద్ధం కాదండి. పెన్షన్ లేకుండా బయటికొచ్చినవాళ్ళ డాక్యుమెంట్లు, షీట్ రోల్ అంటారు, 25 ఏళ్ళు ఉంచి ఆ తర్వాత నాశనం చెయ్యొచ్చని ఆర్మీ రూల్స్‌లోనే ఉంది, 1946లో వచ్చేసినవాళ్ళవి 1970ల్లోనే పోయుంటాయి. కానీ లాంగ్ రోల్ అని ఇంకో రిజిస్టరు ఉంటుంది, అది ఉంచేస్తారు. ఒక్కో మనిషికి ఒకటి రెండు లైన్లే, నంబరు, పేరు, చేరిన తేదీ, వదిలిన తేదీ, వదలడానికి కారణం. ఆ చివరి గడి మీకు బంగారం. యుద్ధం అయిపోయింది కాబట్టి పంపించేశాం అని ఉందా, మెడికల్ గ్రౌండ్స్ మీద పంపాం అని ఉందా అన్నది అక్కడే తెలుస్తుంది. కాబట్టి ఉత్తరంలో స్పష్టంగా లాంగ్ రోల్ ఎక్స్‌ట్రాక్ట్ కావాలి అని రాయండి, మీకు ఆయనకి ఉన్న సంబంధం చూపించే కాగితం, ఆయన డెత్ సర్టిఫికెట్ జతచేయండి. నెలలు గడిచినా జవాబు రాకపోతే ఆర్‌టీఐ పెట్టండి, ఆన్‌లైన్ పోర్టల్‌లో ఇండియన్ ఆర్మీని ఎంచుకోవచ్చు, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి, తప్పు ఆఫీసుకి వెళ్ళినా సరైన చోటుకి వాళ్ళే బదిలీ చేయాలి. నేను మాత్రం ముందు మామూలు ఉత్తరమే రాయమంటా, రెజిమెంట్ వాళ్ళకి తమ పాత సిపాయిల పట్ల నిజంగానే అభిమానం ఉంటుంది, మనవడు రాశాడంటే ఎవరో ఒకరు రిజిస్టర్ తీసి చూస్తారు.

పేరు ఎలా రాసుంటారో కూడా ఆలోచించాలి. మన ఇంటిపేర్లు ఆర్మీ గుమాస్తాకి అర్థం కాలేదు, చాలాచోట్ల ఇంటిపేరు వదిలేసి ఉత్త పేరు, తండ్రి పేరు రాశారు. అప్పలస్వామి అన్నది ఆప్పలసామి అవుతుంది, వెంకటేశ్వర్లు అన్నది ఎక్కడో విరిగిపోతుంది, తమిళ గుమాస్తా అయితే తమిళ పద్ధతిలో రాశాడు. జిల్లాలు, ఊళ్ళు పాత స్పెల్లింగుల్లోనే, వైజాగపటం, కిస్ట్నా, కడప అయితే కడ్డప్పా, కాకినాడ అయితే కోకనాడ. పైగా అప్పటికి ఆంధ్ర రాష్ట్రం లేదు, కోస్తా, రాయలసీమ వాళ్ళందరూ మద్రాసు ప్రెసిడెన్సీ. ఒకే పేరుతో పదిమంది వస్తారు కాబట్టి తండ్రి పేరు, ఊరు, తాలూకా మూడూ కలిస్తేనే మన మనిషి అనుకోవాలి. పేరు కలిసింది కదా అని సంతోషంలో ఇంకొకరి తాతని మన తాత అనేసుకోవద్దు, ఇది దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఇక వైద్యం విషయం, మీరు అసలు అడిగింది ఇదే. గాయపడ్డ మనిషి ప్రయాణం ఒక వరసలో జరిగేది. ముందు తోటివాళ్ళో స్ట్రెచర్ మోసేవాళ్ళో బెటాలియన్ డాక్టర్ ఉండే రెజిమెంటల్ ఎయిడ్ పోస్ట్‌కి తెచ్చేవాళ్ళు, కట్టు కట్టి, మార్ఫియా ఇచ్చి, ఇచ్చినట్టు నుదుటి మీద ఎం అక్షరం రాసేవాళ్ళు. అక్కడి నుంచి ఫీల్డ్ అంబులెన్స్ నడిపే డ్రెస్సింగ్ స్టేషన్. దీని పేరు చూసి బండి అనుకోకండి, ఫీల్డ్ అంబులెన్స్ అంటే డాక్టర్లు, నర్సింగ్ సిపాయిలు, స్ట్రెచర్ మోసేవాళ్ళు అందరూ ఉండే పెద్ద యూనిట్. తర్వాత క్యాజువాల్టీ క్లియరింగ్ స్టేషన్, పెద్ద ఆపరేషన్లు ఎక్కువగా అక్కడ. ఆ తర్వాతే జనరల్ హాస్పిటల్. ప్రతి మనిషి ఒంటికీ ఫీల్డ్ మెడికల్ కార్డు కట్టేవాళ్ళు, ఏ గాయం, ఏ మందు, ఏ టైముకి అని, ఆ కార్డు మనిషితోపాటే వెళ్ళేది. ఆ కార్డులు మనకి మిగల్లేదు. మిగిలింది ఈ ఒక్కో మజిలీ రాసుకున్న వార్ డైరీ.

వార్ డైరీ అంటే ప్రతి యూనిట్ రోజూ రాయాల్సిన పుస్తకం. బర్మా రంగంలో యూనిట్లవి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 172 సిరీస్‌లో ఉన్నాయి, వైద్య యూనిట్లవి విడిగా డబ్ల్యూఓ 177లో ఉన్నాయి. కేటలాగ్ ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతకొచ్చు, అసలు పేజీలకి మాత్రం డబ్బు కట్టి కాపీలు తెప్పించుకోవాలి, లేదా అక్కడుండే మనవాళ్ళెవరినైనా వెళ్ళి ఫోటోలు తీయమనాలి, ఫోన్‌తో తీసుకోనిస్తారు. ఢిల్లీలో రక్షణ శాఖ హిస్టరీ డివిజన్ దగ్గర కూడా ఇండియన్ యూనిట్ల డైరీలు ఉన్నాయి. యుద్ధంలో మన సైన్యం వైద్య సేవల మీద బి.ఎల్. రైనా సంపాదకత్వంలో వచ్చిన అధికారిక చరిత్ర సంపుటాలు ఉన్నాయి, పెద్ద లైబ్రరీల్లో దొరుకుతాయి, అందులో బర్మా రంగంలో క్షతగాత్రుల్ని ఏ దారిన తరలించారో వివరంగా ఉంటుంది, కాపీలకి డబ్బు పెట్టకముందే అది చదవండి.

డైరీలో మీ తాతగారి పేరు కనిపిస్తుందని ఆశపెట్టుకోవద్దు. ఆఫీసర్ల పేర్లు రాస్తారు, సిపాయిలు అయితే ఇద్దరు చనిపోయారు, ఏడుగురికి గాయాలు అని అంకె మాత్రమే వేస్తారు. బాధగానే ఉంటుంది చదువుతుంటే. కానీ ఆ ఏడుగురిలో ఆయన ఉన్న రోజు ఏదో మీకు తెలిస్తే, ఆ రోజు వాన పడుతోందా, ఏ కొండ మీద ఉన్నారు, ఎన్ని గంటలకి దాడి జరిగింది, గాయపడ్డవాళ్ళు కిందకి రావడానికి ఎంతసేపు పట్టింది, అన్నీ ఆ పేజీలోనే ఉంటాయి. అదే తేదీకి ఆ బ్రిగేడ్‌తో ఉన్న ఫీల్డ్ అంబులెన్స్ డైరీ పక్కన పెట్టుకుంటే ఆ రోజు ఎంతమంది చేరారు, ఎంతమందిని వెనక్కి పంపారు, ఎక్కడికి పంపారు తెలుస్తుంది. రెండు డైరీలూ ఒకే సంఘటనని రెండు వైపుల నుంచి చెప్తాయి.

మీ ఇంట్లో ఒక మాట ఉందన్నారు కదా, తాతగారు తనని విమానంలో తీసుకెళ్ళారని చెప్పేవారు, ఎవరూ నమ్మేవారు కాదు, 1944లో సిపాయిని విమానం ఎవరు ఎక్కిస్తారు అని. నేను నమ్ముతా. ఇంఫాల్‌కి వెళ్ళే ఒకే ఒక్క మంచి రోడ్డు 1944 మార్చి చివర్లో జపాన్ వాళ్ళు తెంపేశారు, మళ్ళీ తెరుచుకుంది జూన్ 22న. ఆ మధ్యలో ఇంఫాల్ మైదానంలో చిక్కుకున్న సైన్యానికి తిండి, మందుగుండు అన్నీ విమానాల్లోనే వచ్చాయి, తిరుగు ప్రయాణంలో అవే విమానాల్లో గాయపడ్డవాళ్ళనీ జబ్బుపడ్డవాళ్ళనీ బయటికి పంపారు. కాబట్టి ఆయన గాయం ఏప్రిల్ నుంచి జూన్ 22 లోపు ఇంఫాల్ వైపు జరిగి ఉంటే విమానం తప్ప ఇంకో దారే లేదు. ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది, పైగా ఆ మాటే మీకు తేదీనీ చోటునీ ఇస్తోంది. చాలామంది దిగింది ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న కొమిల్లా వైపు, అక్కడి నుంచి రైలు, స్టీమరు, మళ్ళీ ఆసుపత్రి రైలు, అలా లోపలి ఊళ్ళకి. రోడ్డు తెరిచాక అయితే దీమాపూర్ రైలుస్టేషన్ మీదుగా గౌహతి వైపు. చివరి మజిలీ దక్షిణాదిలో అయితే బెంగళూరు పక్కన జాలహళ్ళిలో యుద్ధం కోసమే కట్టిన పెద్ద ఆసుపత్రులు ఉండేవి. ఆయన కాలు తీసేసి ఉంటే పూణే చూడాలి, కృత్రిమ అవయవాల కేంద్రం అక్కడ 1944లోనే మొదలైంది.

ఇంకో విషయం, జాగ్రత్తగా చెప్తున్నా. మీ వెతుకులాటలో తూటా గాయం బదులు మలేరియా అనో, విరేచనాలు అనో, స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) అనో బయటపడొచ్చు. అలా బయటపడితే తాతగారి గౌరవం తగ్గిందని అనుకోవద్దు. బర్మాలో పోరాడిన 14వ ఆర్మీని నడిపిన జనరల్ స్లిమ్ చెప్పిన లెక్క ప్రకారం 1943లో గాయంతో వెనక్కి పంపిన ఒక్కొక్కరికి జబ్బుతో పంపినవాళ్ళు 120 మంది. ఆ అడవిలో జపాన్ సైన్యం కంటే దోమ ఎక్కువమందిని పడగొట్టింది. అందుకే వెనక ఆసుపత్రులకి పంపితే నెలలు పోతున్నాయని యుద్ధరేఖ దగ్గర్లోనే మలేరియా ట్రీట్‌మెంట్ యూనిట్లు పెట్టి కొన్ని వారాల్లోనే తిరిగి పంపేవాళ్ళు, మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్రలు రోజూ ఆఫీసర్ల ఎదురుగా మింగించేవాళ్ళు. ఆ మాత్రలకి ఒళ్ళు పసుపు పచ్చగా అయిపోతుంది. యుద్ధం నుంచి కామెర్లతో వచ్చాడు అని చెప్పుకునే కుటుంబాలు ఉన్నాయి, అది కామెర్లే కావచ్చు, ఈ మాత్ర రంగూ కావచ్చు, ఇంట్లో పెద్దవాళ్ళని కళ్ళ తెల్లగుడ్డు కూడా పచ్చగా ఉండేదా అని అడిగితే కొంత తెలుస్తుంది. సుఖవ్యాధులు, మనసు దెబ్బతిన్న కేసులు కూడా వేలల్లో ఉన్నాయి, మీకు అలాంటి ఎంట్రీ కనిపిస్తే ముందు మీలోనే ఉంచుకుని ఇంట్లో ఎవరికి ఎలా చెప్పాలో ఆలోచించండి. ఆయన జీవితం అది, ఊరందరికీ చూపించాల్సిన అవసరం లేదు.

మీ తాతగారు బతికి వచ్చారు కాబట్టి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ డేటాబేస్ మీకు నేరుగా పనికిరాదు, కానీ తిరిగిరాని అన్నదమ్ములు ఉన్నవాళ్ళు ముందు అక్కడే చూడాలి, ఉచితం. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన దాదాపు 87 వేల మంది ఇండియన్ ఆర్మీ వాళ్ళ పేర్లు అందులో ఉన్నాయి, చాలావాటికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా. హిందువులకి సమాధి ఉండదు, దహనం చేశారు కాబట్టి పేరు కోహిమాలో దహన స్మారకం మీదో, బర్మాలో తౌక్యాన్ దగ్గర రంగూన్ మెమోరియల్ మీదో ఉంటుంది. ఇంటికి వచ్చాక ఆ గాయంతోనే 1947 డిసెంబర్ 31 లోపు పోయినవాళ్ళు కూడా ఆ జాబితాలోకి వస్తారు, సర్వీసువల్లే పోయారని ఆధారం చూపించాలి. మీకు ఒక చిన్న ఉపయోగం ఉంది దీంతో: ఆయన యూనిట్ తెలిశాక, అదే యూనిట్లో అదే నెలలో చనిపోయినవాళ్ళని అందులో వెతకండి, ఒకే తేదీన నలుగురైదుగురు కనబడితే ఆ తేదీ పెద్ద పోరాటం జరిగిన రోజు, డైరీలో ముందు ఆ పేజీ తీయండి.

పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఏ యుద్ధం, ఏ రెజిమెంట్ అని అడిగితే ఎవరికీ గుర్తుండదు. వచ్చిన రోజు ఏ స్టేషన్లో దిగారు, ఎవరు తీసుకురావడానికి వెళ్ళారు, కర్రతో నడిచారా, మచ్చ మోకాలి పైనా కిందా, గుండ్రంగా ఉందా పొడుగ్గా కుట్లతో ఉందా, ఏ ఊరి పేర్లు పలికేవారు, హిందీ ఏ మాటలు వాడేవారు, వానాకాలంలో జ్వరం తిరగబెట్టేదా, ఇలా అడగండి. మచ్చ ఆకారం చూసినవాళ్ళు ఉంటే ఒక కాగితం మీద బొమ్మ గీయించండి, ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపిస్తే తూటానా, మోర్టార్ ముక్కా, ఆపరేషన్ కోతా అన్నది కొంతవరకు ఊహించి చెప్పగలరు. ఏటా చలికాలంలో జ్వరం వచ్చి వణికేవారు అని నాయనమ్మ చెప్పారంటే అది వైద్య చరిత్రే, రాసుకోండి, చెప్పినవాళ్ళ పేరు, తేదీ వేసి రాసుకోండి. ఆ తరం వాళ్ళు ఇంక ఎంతోమంది లేరు, రికార్డ్ ఆఫీసు ఉత్తరం వచ్చేనెల రాసినా ఫర్వాలేదు, ఈ మాటలు మాత్రం ఈ వారమే అడగండి.

ఆయనకి ఏదైనా బహాదురీ పతకం వచ్చిందన్న మాట ఇంట్లో ఉంటే లండన్ గెజిట్ ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకొచ్చు, సిఫార్సు కాగితాలు లండన్‌లోని అదే నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 373లో ఉంటాయి, వాటిని డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అందులో మాత్రం సిపాయి పేరుతో సహా ఏం చేశాడో మొత్తం రాసుంటుంది. సింగపూర్‌లో 1942 ఫిబ్రవరి 15న పట్టుబడ్డవాళ్ళ కుటుంబాలకి దారి వేరే, ఆజాద్ హింద్ ఫౌజ్ కాగితాలు ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, అభిలేఖ్ పటల్ అనే వాళ్ళ పోర్టల్‌లో వెతకొచ్చు, కానీ మీ తాతగారు 1944లో గాయపడ్డారంటున్నారు కాబట్టి అది మీకు అక్కర్లేదు.

కాబట్టి మీరు ఇప్పుడు చేయాల్సింది, కవర్ల మీద ముద్రలు, మెడల్ మీద అక్షరాలు, ఫోటోలో భుజాల గుర్తులు, ఈ మూడూ పగటి వెలుతురులో దగ్గరగా ఫోటోలు తీసి పెట్టండి. ముద్ర చెరిగిపోయి ఉంటే టార్చ్ పక్కనుంచి వాలుగా వేసి తీయండి, కంటికి కనబడని అంకెలు కూడా పడతాయి. సర్వీసు నంబరు కనిపిస్తే దాని ముందున్న అక్షరాలు వదిలేయకుండా మొత్తం రాయండి, నంబర్లు ఒక్కో కోర్‌కి విడివిడిగా ఇచ్చారు కాబట్టి అంకె ఒక్కటే చూసి ఏ ఆఫీసుకి రాయాలో చెప్పడం కష్టం. అవి పెట్టాక వెల్లింగ్టన్‌కి రాయాలా బెంగళూరుకి రాయాలా అన్నది చూసి, లాంగ్ రోల్ కోసం ఉత్తరం ఎలా రాయాలో నమూనా నేనే రాసిస్తా.